పేరు చెప్పకుండా అడగాలి

ఆర్లో బెనిష్ గీసిన బొమ్మల్లో ఒక్కదానికి కూడా నేను జవాబు చెప్పలేకపోయాను. ఒక చదరం గీసి, దాని కింది మూలన చిన్న అర్ధచంద్రం పెట్టి, "ఇదేమిటి?" అని అడిగేవాడు. చదరం, అర్ధచంద్రం అనేదాన్ని నేను. "ఫ్రిజ్ ఎప్పుడు తెరుస్తారా అని కాచుకుని కూర్చున్న పిల్లి వీపు" అని వెనక నుంచి ఎవరో అరిచేవారు. బారంతా గొల్లుమనేది. నేను వంటింట్లోకి పోయి నూనె కాగిందో లేదో చూసుకునేదాన్ని. ఊళ్ళో ఎవరో ఒకరు ఆ పని కూడా చూడాలి కదా.

మా ఆయన రాయ్, నేను పైన్ ఫోర్క్స్‌లో సరస్సు ఒడ్డున సప్పర్ క్లబ్, అంటే రాత్రి భోజనం, బారు ఒకేచోట ఉండే హోటలు, నడిపేవాళ్ళం. వారంలో మిగతా రోజులు ఎలా గడిచినా, శుక్రవారం సాయంత్రం ఊరంతా మా దగ్గరే. చేప వేపుడు, బంగాళాదుంప అట్లు, క్యాబేజీ తురుము, రై రొట్టె. ఆ రోజు మాంసం ముట్టని కేథలిక్కులు, లూథరన్లు, చర్చి గడప తొక్కనివాళ్ళు, శుక్రవారం చేప దగ్గరికొచ్చేసరికి అంతా ఒకటే మతం. బల్లలు తక్కువ, జనం ఎక్కువ. బల్ల ఖాళీ అయ్యేదాకా బార్ దగ్గర నిలబడాలి. ఆకలి మీద గంటసేపు నిలబడి మర్యాదగా ఉండగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నా వరస వాడు కొట్టేశాడని ఒకడు, పిల్లలు ఏడుస్తున్నారని ఇంకొకడు. కొందరు విసుగెత్తి హైవే మీద వేరే చోటికి పోయేవాళ్ళు.

ఆర్లో బోర్డులు రాసేవాడు. పాల వ్యాన్ల తలుపులు, దాణా కొట్టు, పడవల పేర్లు, చర్చి బయట ప్రార్థన వేళలు, ఊళ్ళో కంటికి కనిపించే అక్షరాలన్నీ అతని చేతివే. మా క్లబ్ మీద పెద్ద చేప బొమ్మ వేసింది కూడా అతనే. దాని కళ్ళు అచ్చం రాయ్ కళ్ళలాగే ఉన్నాయని జనం అనేవాళ్ళు. ఆర్లో కాదనలేదు, అవుననీ అనలేదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక చెవి తమ్మెకు రంగు అంటించుకుని, ఇప్పుడే ఎవరి అంత్యక్రియల నుంచో వచ్చినట్టు ఉండేవాడు. ఆ మొహంతోనే ఊరిని పాతికేళ్ళు నవ్వించాడు.

డెబ్బైల మొదట్లో ఒక గురువారం వచ్చి, "మావిస్, కంచాల కింద పరిచే కాగితాలు ఎక్కడ అచ్చేయిస్తున్నావు?" అని అడిగాడు. చెప్పాను. "వాటి మీద ఒక చదరమంత చోటు నాకివ్వు. నీ జనం పారిపోకుండా చూసే పూచీ నాది" అన్నాడు. ఆ శుక్రవారం కాగితాల మీద మొదటి బొమ్మ వచ్చింది. బల్ల దొరకనివాళ్ళకు ఆ కాగితం చేతికిచ్చాం. జనం దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి వాదులాడుకున్నారు. రెండు బల్లలు ఖాళీ అయ్యాయని నేను అరుస్తున్నా ఎవరూ కదల్లేదు.

అతని పద్ధతి ఒకటుంది. బొమ్మకు జవాబు అతని దగ్గర ఉండేది కాదు. "గీసినవాడికి చెప్పే హక్కు లేదు" అనేవాడు. ఎవరి జవాబుకు ఎక్కువ నవ్వు పుడితే అదే సరైన జవాబు. గెలిచినవాళ్ళకు నా చెర్రీ పై ఒక ముక్క ఉచితం. ఆ ఉచితం నన్నడక్కుండా పెట్టిందే. ఎక్కువసార్లు గెలిచింది జెరోమ్ డ్రేగర్. పాడి రైతు, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకు వినిపించేంత.

కొన్నాళ్ళకు ఆర్లో రెండో ఆట పెట్టాడు. గుమ్మం దగ్గర నల్లబల్ల మీద ఆ రోజు నిషిద్ధమైన మాటలు నాలుగు రాసేవాడు. చేప, బీరు, ఉప్పు, మంచు, ఇలా. లోపలికొచ్చాక ఆ పేర్లు నోట రాకూడదు, కావలసింది మాత్రం అడిగి తీరాలి. తప్పినవాడు చర్చి వంటింటి కోసం బార్ మీద పెట్టిన డబ్బాలో చిల్లర వేయాలి. నా పని చూడండి ఇక. కాగుతున్న నూనె ముందు నేనుంటే, కిటికీలోంచి జెరోమ్ తల పెట్టి, "అమ్మా మావిసూ, నీళ్ళలో పుట్టి నూనెలో పోయింది, ఒక ప్లేటు!" అని కేకేసేవాడు.

"చేప కావాలంటే చేప అని చెప్పి చావు!" అనేదాన్ని.

"అదిగో, అనేసింది! డబ్బాలో వెయ్యి!" అని బారంతా చప్పట్లు. ఆ డబ్బాలో ఊళ్ళో అందరికంటే ఎక్కువ చిల్లర నాదే.

ఆర్లో భార్య వెర్నా చాలా ముందే పోయింది. ఒక్కతే కూతురు నోరీన్. చీజ్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది, ఊరికి అటువైపు చివర ఇల్లు. తండ్రి ఇటువైపు చివర, రంగు వాసన కొట్టే ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. ఆ ఇల్లు వెర్నా తండ్రి కట్టింది. వంటింటి గోడ మీద వెర్నా పెన్సిలుతో రాసుకున్న వంట కొలతలు అలాగే ఉండేవి. ఎన్నిసార్లు రంగు వేసినా ఆర్లో ఆ ముక్క వదిలేసి వేసేవాడు.

ఊళ్ళో ఆర్లో మాటలకు నవ్వనిది నోరీన్ ఒక్కతే. "ఊరికి శుక్రవారమే మావిస్, నాకు పుట్టినప్పటి నుంచి రోజూను" అనేది. తండ్రి నోరు విప్పుతుంటేనే, "నాన్నా, ఇప్పుడు కాదు" అనడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ ఆటలు సాగిన చివరి ఏడాది చలికాలంలో ఒక శుక్రవారం ఆర్లో బార్ దగ్గర తన స్టూలు మీద కూర్చుని, "మావిస్, ఆ తాగేది ఇవ్వు. నారింజ ముక్క వేస్తారే, అది" అన్నాడు.

నేను నల్లబల్ల వైపు చూశాను. అతనడిగిన బ్రాందీ ఆ రోజు నిషిద్ధం కాదు.

జెరోమ్ బార్ మీద దబదబా గుద్దాడు. "చూశార్రా! బోర్డు మీద లేనివి కూడా పేరు పెట్టకుండా అడుగుతున్నాడు! ముసలోడు ఆటని ముదరబెట్టాడ్రోయ్!"

ఆర్లో ఒక క్షణం జెరోమ్ వైపు చూశాడు. తర్వాత గ్లాసు ఎత్తి, "నీకు తట్టడానికి ఇంతసేపా?" అన్నాడు. ఆ రోజు నుంచి కొత్త నియమం వచ్చింది. దేనికీ పేరు పెట్టి అడగకూడదు. చెంచా కావాలంటే చెంచా అనకూడదు, కుర్చీ జరపమంటే కుర్చీ అనకూడదు. ఊరు మూడింతలు నవ్వింది. నాకు మూడింతలు తలనొప్పి వచ్చింది.

తర్వాత చెప్పుల మరమ్మతు కొట్టు బోర్డు. దాని మీద బూటు బొమ్మ వేయాలి. ఆర్లో మడమ వేసి, సగం పైకి వేసి, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. మర్నాడూ రాలేదు. కొట్టు ముందు జనం మూగి జవాబులు చెప్పడం మొదలెట్టారు. కొట్టాయనకు బేరం పెరిగింది. "ఇలాగే ఉండనివ్వు ఆర్లో, బాగుంది" అన్నాడు. ఆర్లో కూడా సరేనన్నాడు.

శుక్రవారం బొమ్మల్లో గీతలు తగ్గుతూ వచ్చాయి. మునుపు నాలుగైదు ఉండేవి. రెండయ్యాయి, ఒకటయ్యింది. ఎంత తక్కువ గీస్తే జనం అంత ఎక్కువ మెచ్చుకున్నారు. వేసవి చివర్లో అచ్చాఫీసు నుంచి నాకు ఫోనొచ్చింది. "ఈ వారం చదరం ఉత్తగా వచ్చింది. ఆయన మర్చిపోయాడా, ఇంతేనా?" అని. నేను అచ్చాఫీసులో ఆ కాగితం తీసుకుని ఆర్లో ఇంటికి వెళ్ళి చూపించాను.

అతను చాలాసేపు చూశాడు. "ఎలా ఉంది?" అన్నాడు.

"ఎలా ఉండేదేమిటి, ఖాళీగా ఉంది."

"అయితే అచ్చేయించు."

ఆ శుక్రవారంలాంటి శుక్రవారం మా క్లబ్‌లో మరొకటి లేదు. రాయ్ గొంతు పోయేలా నవ్వాడు. "గుడ్ ఫ్రైడే నాడు కసాయి కొట్టు ముందు క్యూ!" అని ఒకావిడ. "మా ఆవిడతో పోట్లాడాక మా ఇంట్లో మాటలు" అని జెరోమ్. "రాయ్ ఊరికే పోసిన డ్రింకులన్నీ వరసగా పెడితే!" అని ఎవరో వెనక నుంచి. కసాయి కొట్టు గెలిచింది. బార్ చివర స్టూలు మీద ఆర్లో కూర్చుని ఒక్కొక్క జవాబూ చెప్పినవాళ్ళ మొహం వైపే చూస్తున్నాడు, తను గీసిందేమిటో వాళ్ళు చెబితే వినాలని వచ్చినవాడిలా. ఆ చూపు నేను చూశాను. అట్లు మాడుతున్నాయని లోపలికి పోయాను.

అక్టోబరులో ఆర్లో బండి పొరుగు జిల్లాలో ఒక మూసేసిన పళ్ళ కొట్టు ముందు ఆగి ఉంటే షెరీఫ్ డిప్యూటీ చూశాడు. ఇంజను ఆన్‌లోనే ఉంది, ఆర్లో ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడికి పోతున్నావు అంటే, "బండిని అడుగు, తీసుకొచ్చింది అదే" అన్నాడట. డిప్యూటీ మా ఊరివాడే. పొట్ట పట్టుకుని నవ్వి, ఇల్లు చేర్చి, మా బార్‌కొచ్చి కథగా చెప్పాడు. అందరూ నవ్వారు. ఆ కథ నోరీన్ చెవిన పడింది. ఆమె నవ్వలేదు.

ఆమె తండ్రిని పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ తేదీ అడిగింది, లెక్కలు అడిగింది, చివర గీతల బొమ్మలు ఒక్కొక్కటే చూపించి ఇదేమిటి, ఇదేమిటి అని అడిగింది. ఆర్లో అన్నిటికీ తనదైన పద్ధతిలో జవాబు చెప్పాడు. ఆమె నవ్వకుండా అన్నిటికీ సున్నా వేసింది. మనిషి బండి నడపకూడదు, ఒంటరిగా ఉండకూడదు అని రాసిచ్చింది. పక్క ఊళ్ళో వృద్ధుల ఇంట్లో ఒక గది ఖాళీ అవుతోంది, కావాలంటే ఈస్టర్ లోపు చెప్పాలి అన్నారు.

ఊరు మండిపడింది. అందరికంటే ముందు నేనే మండిపడ్డాను. ఆ డాక్టరమ్మకు ఆర్లో ఎవరో తెలియదు. ఆర్లోకి బొమ్మ చూపించి ఇదేమిటని అడగడమంటే, రాయ్ ముందు బ్రాందీ పెట్టి తాగకుండా కూర్చోమనడం.

ఆర్లో కూడా అదే అన్నాడు. "పాతికేళ్ళు నేను జనాన్ని అడిగాను మావిస్. నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఊరుకోగలనా?"

"ఊరుకోవాల్సింది. ఇల్లు పోయేలా ఉంది."

"ఇల్లు పోదు" అన్నాడు. గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "పేర్లు పోతున్నాయి మావిస్" అన్నాడు కాసేపటికి.

పక్క స్టూలు మీంచి జెరోమ్, "పోనీలే, మా గొడ్ల పేర్లు కొన్ని పట్టుకెళ్ళు!" అన్నాడు. నవ్వులు లేచాయి. ఆర్లో కూడా గ్లాసెత్తాడు.

లెంట్ మొదలైంది. మాంసం మానే ఆ రోజుల్లో మాకు ఊపిరాడదు. అలాంటి ఒక పొద్దున, కుర్చీలన్నీ బల్లల మీదకు ఎక్కించి నేల కడుగుతుంటే నోరీన్ వచ్చింది. కోటు విప్పలేదు.

"మావిస్, నిజం చెప్పండి. నాకు పిచ్చా, ఊరికి పిచ్చా?"

"ఊరికి ఎప్పుడూ ఉన్నదే. నీకేమైంది?"

"నాన్న మామూలుగా మాట్లాడుతున్నాడో, ఏదైనా అయిందో నాకు తెలియట్లేదు. పుట్టినప్పటి నుంచి ఆ మనిషి దగ్గర నుంచి తిన్నగా ఒక్క జవాబు వినలేదు నేను. ఇప్పుడెలా పోల్చుకోను?" కళ్ళు తుడుచుకుంది. "బండి తాళం ఇమ్మన్నాను. ఇవ్వనన్నాడు. మళ్ళీ పరీక్ష చేయించు, తిన్నగా చెబుతాను, అప్పుడు కూడా తప్పితే నీ ఇష్టం అన్నాడు. వేరే డాక్టర్ దగ్గర చేయిద్దామనుకుంటున్నా."

"మంచిది. చేయించు."

"మీరు తీసుకెళ్ళండి. నేను ఎదురుగా ఉంటే నన్ను నవ్వించాలని చూస్తాడు. చిన్నప్పటి నుంచి అదే ఆయన పంతం." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మావిస్, నాదే తప్పని తేలాలి. నాకు కావలసింది అదే."

నేను ఊరికే పోలేదు. కొట్టు గదిలో పాత బొమ్మల కాగితాలుంటే ఒక కట్ట తీసి సంచిలో పెట్టుకున్నాను. ఈసారి డాక్టరుకు ఎవరిని పరీక్ష చేస్తున్నాడో ముందే తెలియాలి.

దారిలో ఆర్లోకి పాఠం చెప్పాను. "చూసింది చూసినట్టు చెప్పు. నీ తెలివి ఇంటి దగ్గర వదిలెయ్. అదేమిటి?"

"ఆవు."

"అదేమిటి?"

"సైలో. గొడ్ల మేత దాచేది."

"అది?"

"ట్రాక్టరు. దాని మీదున్నది జెరోమ్ బావమరిది. వాణ్ణి వేరే పేర్లతో కూడా పిలుస్తారు."

నేను నవ్వాను. ఒప్పుకుంటాను, ఆ ఒక్కసారి నవ్వాను. గుండె తేలికైంది. మనిషికి ఏమీ కాలేదు, ఊరు చెప్పిందే నిజం అనుకున్నాను.

ఈ డాక్టరు పెద్దాయన. ఎర్రటి మొహం, వదులైన టై. నేను కాగితాల కట్ట ముందు పెట్టి, ఈయన ఎవరో, మా శుక్రవారాలేమిటో చెప్పాను. కళ్ళజోడు పైకెత్తి ఒక్కొక్కటీ చూశాడు. ఫ్రిజ్ ముందు పిల్లిని చూసి కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మా ఊళ్ళో ఇలాంటివాడు ఒక్కడూ లేడండీ" అన్నాడు.

పరీక్ష మొదలైంది. తేదీ అడిగితే చెప్పాడు. పొద్దున దారిలో పేపరు కొనిపించుకుని మొదటి పేజీ పైభాగమే పదేపదే చదివాడని నాకు తర్వాత గుర్తొచ్చింది. మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు డాక్టరు. కాసేపాగి అడిగితే ఆర్లో ఒకటి చెప్పి, "మిగతా ఇద్దరూ బార్ దగ్గర వరసలో ఉన్నారు, బల్ల దొరగ్గానే వస్తారు" అన్నాడు. డాక్టరు నవ్వుతూ ఏదో రాసుకున్నాడు. నేను ఆర్లో కాలు తొక్కాను.

బొమ్మలొచ్చాయి. మొదటి బొమ్మ నిచ్చెన. నేను పక్కనుంచి చూశాను, తేలికైనదే. ఆర్లో దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నోరు తెరిచి మూశాడు. బొటనవేలితో బొమ్మ మీద కింది నుంచి పైకి రాశాడు. తర్వాత తలెత్తి డాక్టరు మొహంలోకి చూశాడు.

"లేచి నిలబడమంటే నిలబడ్డ రైలు పట్టాలు" అన్నాడు.

డాక్టరు బల్ల మీద చరిచాడు. నేను, "ఆర్లో! తిన్నగా!" అన్నాను.

"ఉండనివ్వండమ్మా" అన్నాడు డాక్టరు. ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. రెండోది కుక్క, కుక్క అని చెప్పాడు. మూడోది దువ్వెన. "చలి ఎక్కువై, ఒక వైపు కాల్చుకోడానికి పీకేసిన కంచె." అలా సాగింది. కొన్ని తిన్నగా, కొన్ని వంకరగా. చివర్న డాక్టరు కళ్ళు తుడుచుకుని అన్నాడు: "వస్తువు తెలియనివాడు దాని మీద ఇలా అల్లలేడు. ఈ మనిషి బుర్ర నా బుర్ర కంటే చురుగ్గా ఉంది." ఇంట్లో ఉండవచ్చు, దగ్గర దారుల్లో బండి నడపవచ్చు, ఏడాది తర్వాత మళ్ళీ చూద్దాం అని రాసి సంతకం పెట్టాడు. ఒక కాగితం తను ఉంచుకోవచ్చా అని కూడా అడిగాడు. పిల్లిదే తీసుకున్నాడు.

కారెక్కాక నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. నోరీన్‌కు ముందు చెప్పాలి, సాయంత్రం బెల్లు కొట్టి బార్‌లో చెప్పాలి, జెరోమ్ ఆనందానికి ఇక పట్టపగ్గాలుండవు. పట్నం దాటాం. పొలాల్లో మంచు కరిగి మట్టి కనిపిస్తోంది. పక్క సీటులో ఉలుకూ పలుకూ లేదు. అలసిపోయాడనుకున్నాను.

"మావిస్."

"ఊఁ."

"మొదటిదేమిటి?"

"ఏ మొదటిది?"

"రెండు పొడుగు కర్రలు. మధ్యలో పొట్టివి. ఎక్కుతాం దాన్ని. నా షెడ్డులో రెండున్నాయి. దాన్నేమంటారు?"

నేను చివర్న వచ్చే నవ్వించే మాట కోసం ఆగాను. రాలేదు. తిరిగి చూస్తే అతను నా వైపు చూస్తున్నాడు. బార్ చివర స్టూలు మీంచి జనం మొహాలు చూసిన చూపే.

"నిచ్చెన" అన్నాను.

"నిచ్చెన" అన్నాడు. పెదాలతో ఇంకోసారి అనుకున్నాడు. "నలభై ఏళ్ళు దాని మీదే బతికాను. పొద్దున్న దేంతో తల దువ్వుకున్నానో దాని పేరు కూడా చెప్పు."

చెప్పాను. కారు పక్కకు తీసి ఆపాను. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, ఎటు తిప్పాలో తెలియలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట ఒక పండు పేరు పోయింది. పోతే పోయింది, నాకెందుకు అనుకున్నా. తర్వాత చాలా పోయాయి. కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రావు. జెరోమ్ నవ్వినప్పుడల్లా ఈసారికి గట్టెక్కాననుకునేవాణ్ణి."

"ఆ ఖాళీ చదరం?"

"గీద్దామనే కూర్చున్నాను మావిస్. చదరం వచ్చింది. లోపల ఏం వేయాలో రాలేదు."

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. అతని మీద కూడా వచ్చింది. "నోరు తెరిచి చెప్పడానికేం?" అన్నాను.

"చెప్పాగా. నీ బార్‌లోనే చెప్పా. నోరీన్‌కు రెండుసార్లు చెప్పబోయా. ఇప్పుడు కాదు నాన్నా అంది."

రోడ్డు మీద పాల ట్యాంకరు ఒకటి మమ్మల్ని దాటిపోయింది. కారు ఊగింది. డాక్టరు ఇచ్చిన కాగితం మా ఇద్దరి మధ్య సీటు మీద ఉంది. ఆర్లో దాన్ని తీసి మడత పెట్టి నా సంచిలో పెట్టాడు.

"నీ ఇల్లు నీకుంది ఇప్పుడు" అన్నాను. "ఈ కాగితం చాలు. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసుగా" అన్నాడు. "ఆ రోజు పళ్ళ కొట్టు ముందు కూర్చున్నప్పుడు, కాళ్ళ కింద ఉన్న మూడిట్లో ఏది నొక్కితే బండి ఆగుతుందో నాకు తెలియలేదు. అన్నీ నొక్కి చూశాను. దారిలో స్కూలుంది మావిస్." కిటికీ వైపు తిరిగాడు. "వంటింటి గోడ ఒకటే బాధ. అది వదిలి ఉండలేననుకున్నా."

నేను కారు గేరులో వేశాను.

"నోరీన్ ఇంటికి పోనీ. నువ్వే చెప్పు. నేను చెబితే జోకనుకుంటుంది."

నోరీన్ ఆ రోజు సెలవు పెట్టింది. కారు చప్పుడు వినగానే తలుపు తీసింది. ఏప్రన్ మీద పిండి ఉంది, లోపల నుంచి కేకు వాసన వస్తోంది. నా మొహం చూసి కాదు, తండ్రి మొహం చూసి నవ్వింది, ఏమైనా ఫరవాలేదు అన్నట్టు. ముగ్గురం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ముందు కాగితం ఇచ్చాను. చదివింది. "నేను పొరబడ్డాను!" అంది. తండ్రి భుజం పట్టుకుని ఊపేసింది. నా జన్మలో ఆమె అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. అప్పుడు నేను చెప్పాను. నిచ్చెన, దువ్వెన, ఖాళీ చదరం, పళ్ళ కొట్టు, అన్నీ చెప్పాను. తడుముకోకుండా చెప్పాను, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని.

నోరీన్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. నన్ను చూసింది. తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, మీరిద్దరూ కలిసి నన్నేమైనా..."

ఆర్లో కోటు జేబులో చేయి పెట్టాడు. బండి తాళంచెవి తీసి పిండి అంటిన బల్ల మీద ఆమె ముందు పెట్టాడు.

"దీని పేరు ఇంకా నా దగ్గరే ఉంది" అన్నాడు. "తాళంచెవి. తీసుకోమ్మా."

నోరీన్ తీసుకుంది.